గీకేసిన పేరు

కంప్యూటరు కీచుమని అరిచి, తెర మీద ఏవో తెల్లటి అక్షరాల వరస చూపించి, మళ్ళీ గుడ్లు తేలేసింది.

"చూశావా అమ్మాయ్, ఇంటి దగ్గరా ఇదే వరస," అంది స్వెటర్లావిడ, కుర్చీ అంచున కూర్చుని. "బుద్ధి పుడితే లేస్తుంది, లేకపోతే లేదు. లేచినా అల్లిక సగంలో ఉండగా ఆగిపోతుంది. ఆదివారం పొద్దున్నకల్లా ఇది ఇంటికి రాకపోతే బడి పిల్లల స్వెటర్లు ఇవ్వలేను. ఇంకోసారి నన్ను గుమ్మం ఎక్కనివ్వరు వాళ్ళు."

ఆ రిపేరు కొట్టు ముసలాయన కోడలు డబ్బా పక్క రేకు విప్పింది. లోపల దుమ్ముతో పాటు ఉన్ని నూగు దట్టంగా పేరుకుని ఉంది. బ్రష్షుతో దులుపుతూ, నోటితో ఊదుతూ మూలలన్నీ శుభ్రం చేసింది. అల్లిక యంత్రం తీగ తగిలించే పొడుగాటి కార్డు ఒకటి బోర్డు మీద నిలబడి ఉంది. దాన్ని రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ కదుపుతూ పైకి లాగింది. కింద కనిపించింది అసలు జబ్బు. చిన్న పీపాలాంటి పాత బ్యాటరీ ఎప్పుడో కారి, పచ్చటి చిలుము పాకి, బోర్డు మీది సన్నటి రాగి దారుల్ని తినేసింది.

"బోర్డు పోయిందండీ. ఇలాంటిదే ఇంకోటి వెయ్యాలి."

"కొత్త కంప్యూటరు కొనుక్కోమంటున్నారందరూ..."

"కొత్తవాటిల్లో ఈ కార్డు దూరదు. పాతవాటిల్లో దూరినా అన్నిటితోనూ కాపరం చెయ్యదు. సరిగ్గా ఈ బోర్డే కావాలి. పేరు తెలిస్తే పాత సామాన్ల కొట్లో దొరుకుతుంది."

పేరు కోసం దీపం దగ్గరికి లాక్కుని చూసింది. తయారుచేసినవాళ్ళు పేరూ నెంబరూ అచ్చు వేసే చోట, ఆకుపచ్చ రంగు లేచిపోయి, వేలెడు మేర పసుపుపచ్చగా, నున్నగా ఉంది. బ్లేడుతో గీకిన గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ గీతలెవరివో వీధి వీధంతటికీ తెలుసు.

ఆమె మామగారిని ఆ వీధిలో బోర్డుల డాక్టరంటారు. ఆయన చేతిలో పడ్డ ప్రతి బోర్డుకీ ముందు జరిగే వైద్యం ఒకటే, పేరు గీకెయ్యడం. ఒకసారి ఆయన గీకిన బోర్డు ఇంకో మెకానిక్ చేతికి వెళ్తే, వాడు తల గోక్కుని మళ్ళీ ఇక్కడికే పంపాలి. పోటీవాళ్ళ కడుపు కొట్టడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం అది. అటక మీద ఉన్న పాత బోర్డులన్నీ అలా మొహాలు చెక్కేసినవే. ఏది ఏదో ఎక్కడా రాసుకోలేదు. "రాసుకోవడం మతిలేనివాడి పని. నాకంతా ఇక్కడుంది," అని కణత మీద వేలితో కొట్టుకునేవాడు.

వెనక గది తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. మామగారు గడప మీద నిలబడి ఉన్నాడు. మెడలో నల్లతాడుకి కొట్టు షట్టరు తాళంచెవి వేలాడుతోంది. నిద్రపోయేటప్పుడు కూడా తియ్యడు దాన్ని.

"మామయ్యా, ఇది మీరు చూసిన బోర్డే. పేరేంటో చెప్తారా?"

ఆయన వంగి చూశాడు. గీకిన చోట బొటనవేలితో రుద్దాడు. చాలాసేపు రుద్దాడు.

"తెలుసు."

"చెప్పండి మరి."

"చెప్పను. నువ్వే కనుక్కో." స్వెటర్లావిడ వైపు తిరిగి నవ్వాడు. "ఫోన్లకి అద్దాలు అతికించినంత తేలికనుకుంటోందమ్మా మా కోడలు. వేడి చేసి అతికించడం అట్లు పొయ్యడం లాంటిదే, ఆడవాళ్ళకి బాగానే వస్తుంది. ఇది వేరు."

స్వెటర్లావిడకి నవ్వాలో మానాలో తెలియక కొంగు సర్దుకుంది. కోడలికి చెవులు వేడెక్కాయి. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఈ కొట్లో వెనక స్టూలే ఆమె చోటు. వీధిలో సగం మంది ఫోన్లూ లాప్‌టాప్‌లూ ఆమె చేతిలోనే బతికాయి. అయినా షట్టరు లేవాలంటే ఆయన రావాలి. వచ్చిన మనిషికి పని అవుతుందో అవదో ఆయన చెప్పాలి.

"సరే మామయ్యా. నేనే కనుక్కుని బాగుచేస్తే?"

"చేస్తే ఈ తాళం నీ మెళ్ళో వేస్తా. కొట్టు నీది." తాళంచెవి పైకెత్తి ఆడించాడు. "చెయ్యలేకపోతే ఆదివారం అల్లుడొస్తున్నాడు, అతనికిస్తా. ఫోన్లకి తొడుగులు అమ్ముకుంటాడట. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో."

ఆట కాదని ఆమెకి తెలుసు. ఆడపడుచు మొగుడు అప్పటికే ఒకసారి వచ్చి గోడలు కళ్ళతో కొలుచుకుని పోయాడు.

*

మర్నాడు పొద్దున్నే మామగారు ఇంట్లో లేడు. ఎవరితోనూ చెప్పకుండా కర్ర పుచ్చుకుని ఎటో వెళ్ళాడు. షట్టరు తియ్యడానికి లేక ఆమె వెనక గది దారినే కొట్లోకి వెళ్ళి, దీపం కింద పాత బోర్డు పెట్టుకుని కూర్చుంది. భూతద్దంతో చిప్పుల మీది నెంబర్లన్నీ చూసింది. అవి చిప్పుల పేర్లే గానీ బోర్డు పేరు కాదు. ఒకే చిప్పులతో ఎంతోమంది బోర్డులు చేస్తారు. ఫోన్లో బొమ్మలు వెతికి పక్కన పెట్టి పోల్చింది. ఒకదానికి మూడో గాడి పొట్టి, ఇంకోదానికి కీబోర్డు బొక్క అటు చివర. అన్నీ ఈ బోర్డుకి పెదతల్లి పిల్లల్లా ఉన్నాయి తప్ప ఏదీ ఇది కాదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి మామగారొచ్చాడు. పంచె అంచుకి మట్టి, చేతులకి గ్రీజు. మొహం వాడిపోయింది.

"ఎక్కడికెళ్ళావ్ నాన్నా, ఎండన పడి?" అన్నాడు కొడుకు. వ్యాను తోలే మనిషి, తిండికి మాత్రం ఇంటికి వస్తాడు.

"గాలికి." కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు: "జాలేసి చెప్తున్నా. ఆ బోర్డు రొవాన్ ఏడు. పోయి తెచ్చుకో."

ఆమె తినడం మానేసి లేచింది. ఎంత తిట్టుకున్నా ఆ క్షణాన మాత్రం ఆయన మీద గౌరవం పుట్టుకొచ్చింది. చెయ్యి కడుక్కుని పరుగున పాత సామాన్ల కొట్టుకి వెళ్ళింది.

ఆ కొట్టతను పెద్ద పొట్టతో, ఇనుము కుప్పల మధ్య ఇరుక్కున్నట్టు కూర్చుని ఉంటాడు. "రొవాన్ ఏడా? మీ మామగారే చెప్పారా?" అని ఒకసారి ఆమెని ఎగాదిగా చూశాడు. ఏదో అనబోయి, చెవి గోక్కుని, "సరే, నాకెందుకులే," అంటూ కుప్పలోంచి బోర్డు తీసిచ్చాడు.

సాయంత్రమంతా ఆ బోర్డు బిగించింది. మరలు బిగించి, తీగలు కలిపి, అల్లిక యంత్రం కార్డు గుచ్చింది. మీట నొక్కితే కూత కూడా లేదు. తెర నల్లగా ఉండిపోయింది. కార్డు తీసేస్తే తెర వెలిగింది. కార్డు పెడితే ఆరిపోయింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. ఆ కార్డుకీ ఈ బోర్డుకీ పడదు. ఇది ఆ బోర్డు కాదు.

వెనక గదిలో మామగారు పాత కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు తోముకునే బ్రష్షుతో మీటలు తోముతున్నాడు. కొంతకాలంగా ఆయనకి అదే పని. తోమిన మీటనే మళ్ళీ తోముతాడు.

"ఎందుకు మామయ్యా తప్పు పేరు చెప్పారు?"

"నేనేం పేరు చెప్పాను?"

"రొవాన్ ఏడన్నారు కదండీ, ఇందాక, అన్నం దగ్గర!"

"నేననలేదే," అన్నాడు తాపీగా. "నీకు చెవులు సరిగా లేవు."

ఇంత దుర్మార్గమా! కళ్ళ ముందు చెప్పి కళ్ళ ముందే లేదంటాడే! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. భర్త దగ్గరికెళ్ళి మొరపెట్టుకుంటే అతను చెప్పులు తొడుక్కుంటూ, "నాన్న సంగతి తెలిసిందేగా. నీతో ఆడుకుంటున్నాడు. పెద్దాయన్ని నువ్వేమీ అనకు," అని వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు. ఆడుకోవడమట. ఆమె చేతుల్లోంచి జీవితం లాగేసుకోవడం ఆటట.

*

పాత బోర్డు మళ్ళీ బిగించి, బుద్ధి పుట్టి లేచేదాకా మీట నొక్కుతూనే ఉంది శనివారం పొద్దున్న. లేచినప్పుడల్లా తెర మీద, అన్నిటికంటే అడుగున, ఒక పొడుగాటి అంకెల వరస కనురెప్ప పాటు మెరిసి పోతోంది. నిన్నా మొన్నా దాన్ని పట్టించుకోలేదు. ఇవాళ పట్టించుకుంది. ఫోన్లో వెతికితే తెలిసింది. బోర్డు పైన ఎవరు ఏం గీకినా, లోపలి చిప్పులో తయారుచేసినవాళ్ళు తమ గుర్తు దాచిపెడతారు. ఆ అంకెల చివర ఉండేది అదే. అది కనిపించే క్షణాన కీబోర్డు మీద పాజ్ మీట నొక్కితే తెర అక్కడే ఆగిపోతుంది.

సన్న తీగ కీబోర్డులు కొట్లో డజను ఉన్నాయి. వాటి కొసలు ఈ పాత డబ్బాకి ఎక్కవు. దీనికి లావుపాటి గుండ్రటి కొస ఉన్నది కావాలి. స్వెటర్లావిడ డబ్బా ఒక్కటే తెచ్చింది. ఆవిడ ఇల్లు ఊరికి అవతల. మామగారి ఒళ్ళో ఉన్న కీబోర్డు గోడకి అవతల.

"మామయ్యా, అది ఓసారి ఇవ్వండి."

ఆయన కీబోర్డుని రెండు చేతులతోనూ పొట్టకి అదుముకున్నాడు. "నాది."

"మీదే. పని అవగానే ఇచ్చేస్తా."

"ఇవ్వను. నాది అది."

ఆమె వంగి కొసని పట్టుకుని లాగింది. ఆయన వదల్లేదు. ముసలి వేళ్ళలో అంత పట్టు ఉందని ఆమె అనుకోలేదు. ఒక్కొక్క వేలూ విప్పింది, ముందు చిటికెనవేలు, తర్వాత ఉంగరం వేలు. ఆఖరి వేలు విప్పేసరికి ఆయన నోరు తెరుచుకుంది, ఏడవబోయే పిల్లాడి నోరులాగా. ఆ నోరు చూసి ఆగవలసింది. ఆగలేదు. లాక్కుని వచ్చేసింది.

పాజ్ మీట మొదటి రెండుసార్లూ ఆలస్యంగా పడింది. తర్వాత పడింది. తెర ఆగిపోయింది. అంకెల వరసంతా కదలకుండా నిలబడింది. అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

పాత సామాన్ల అతను ఆమె అరచేతిని వెలుగులోకి తిప్పి చదివాడు. "ఓహో, ఇది వెల్‌ట్రాన్ వాళ్ళ గుర్తు. చివర్న నలభై రెండు. వెల్‌ట్రాన్ నలభై రెండు." లేచి కుప్ప వెనక్కి వెళ్ళి, ఇనప రేకులు ఎత్తి పడేసి, బోర్డు పట్టుకొచ్చాడు. పొడుగాటి గాళ్ళు, బ్యాటరీ పీపా, కీబోర్డు బొక్క, అన్నీ అచ్చంగా. ఒక మూల తెల్లటి అక్షరాల్లో పేరు చెక్కుచెదరకుండా ఉంది.

"బానే పట్టావమ్మాయ్. నీ మామ వల్ల కాలేదు."

"ఆయన వల్ల కాకపోవడమేంటి? ఆయనకి తెలుసు. కావాలనే చెప్పలేదు."

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "చెప్పనని ఒట్టేశాను గానీ, ఇంకెందుకులే. నువ్వొచ్చిన రోజే, పొద్దున్నే, కొట్టు తియ్యకముందే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. 'దాని పేరు గుర్తు రావట్లేదురా, నీ దగ్గరున్నవి చూస్తే గుర్తొస్తుంది' అన్నాడు. ఒక్కొక్క బోర్డే తీసి ఒళ్ళో పెట్టుకుని తడిమి చూశాడు. ఏదీ గుర్తు రాలేదు. కాసేపయ్యాక అసలెందుకొచ్చాడో కూడా మర్చిపోయాడు. తన కొట్టు ఎటో నన్నే అడిగాడు. చివరికి 'మా కోడలికి చెప్పకు' అని చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. రొవాన్ ఏడు అనేది చేతికొచ్చిందేదో ఎంచుకుని చెప్పుంటాడు."

కోడలు బోర్డుని పాత పేపర్లో చుట్టుకుంది. దారంతా ఆయన వేళ్ళు విప్పడమే కళ్ళ ముందు ఆడింది. అయ్యో అనిపించింది, అనిపించలేదని అనకూడదు. కానీ ఆ అయ్యో వెనకే ఇంకో మాట కూడా నడిచొచ్చింది. గర్వంతో దాచాడు కదా! తెలియదు అనే ఒక్క ముక్క కోడలి ముందు అనలేక, తనని ఇన్నాళ్ళు పనికిమాలినదాన్ని చేశాడు కదా! ఇంటికొచ్చి కీబోర్డు ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఆమెని చూడలేదు. మీటలు తోముకోవడం మొదలుపెట్టాడు.

*

ఆదివారం పొద్దున్నే కొట్లో జనం. అల్లుడు కొలత టేపుతో సహా వచ్చాడు. స్వెటర్లావిడ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. భర్త షట్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామగారు ఉతికిన చొక్కా తొడుక్కుని పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఇవాళ మనిషి తేటగా ఉన్నాడు.

కోడలు మీట నొక్కింది. ఒక్క కూత కూసి, తెర వెలిగింది. వరసలు ఒకదాని కింద ఒకటి పరుగెత్తాయి. పొడుగాటి కార్డు మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగి, వెలుగుతూనే ఉంది. తర్వాత తెర నిండా స్వెటరు నమూనా గళ్ళుగళ్ళుగా పరుచుకుంది.

"అమ్మయ్య! నా తండ్రే!" స్వెటర్లావిడ లేచి వెళ్ళి మామగారి చేతులు రెండూ పట్టుకుంది. "డాక్టరుగారూ, మీ చెయ్యి పడితే చచ్చింది కూడా లేస్తుందండీ."

కోడలు చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది. ఆవిడ తన వైపు చూస్తుందేమోనని ఎదురుచూసింది.

"నేనే చెప్పాను పేరు," అన్నాడు మామగారు నిండుగా. "లేకపోతే దీనివల్ల ఏమవుతుంది? అయినా అన్న మాట అన్న మాటే." మెడలోంచి నల్లతాడు తీసి, తాళంచెవి ఆమెవైపు చాచాడు. "తీసుకో అమ్మాయ్. అందరూ చూస్తుండగా ఇస్తున్నా. కొట్టు నీది."

అల్లుడి మొహం మాడిపోయింది. టేపు జేబులో పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాచితే చాలు. అంతే పని. నోరు మూసుకుని ఒక్క అడుగు వేస్తే అయిపోయేది.

"మీరే చెప్పారా మామయ్యా?" అంది, చెయ్యి చాచకుండా. "అయితే ఇప్పుడు కూడా చెప్పండి. అందరూ వింటారు. ఏంటి దీని పేరు?"

ఆయన నవ్వబోయాడు. "నీకు తెలుసుగా."

"మీ నోటితో వినాలని ఉంది."

"రొవాన్..." ఆగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "కాదు కాదు... అదే... ఆ... పదహారు..." కణత మీద వేలితో కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. చాచిన చేతిలో తాళంచెవి ఊగుతోంది. స్వెటర్లావిడ తల దించుకుంది. ఆ తడబాటు కోడలికి తియ్యగానే ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి అందరి ముందూ ఆయన నీళ్ళు నమిలాడు.

"మామయ్యగారూ," అన్నాడు అల్లుడు, చాలా మెత్తగా, ముందుకొస్తూ. "ఇవాళ ఏ వారమండీ?"

మామగారు కొడుకు మొహంలోకి చూశాడు, వారం అక్కడ రాసి ఉన్నట్టు.

"నేనెవర్నండీ?"

"నువ్వు... మావాడివే. తెలుసు నాకు."

అల్లుడు వెనక్కి తిరిగాడు. మాడిన మొహం కాస్తా వెలిగిపోతోంది. "చూశావా బావా? ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందో ఏమో, ఇంట్లో ఉండి కూడా మీరు చూసుకోలేదు. పాపం, ఈయనకి ఏం ఇస్తున్నాడో, ఎవరికిస్తున్నాడో కూడా తెలీట్లేదు. మతి సరిగా లేని మనిషి మాట చెల్లుతుందా? రేపు మీ అక్క నన్నడిగితే ఏం చెప్పను?" పిల్లాడి చేతిలోంచి బ్లేడు తీసినంత జాగ్రత్తగా ఆయన వేళ్ళ మధ్యనుంచి తాళంచెవి తీసుకున్నాడు. "మతి సరిగ్గా ఉన్నప్పుడు కొట్టు నీకేనని నాతో అన్నారు. అదే ఖాయం."

"అదేంటి అన్నయ్యగారూ! మొన్న ఆవిడ ముందే కదా నాకు మాటిచ్చింది! అడగండి ఆవిణ్ణి!"

"నన్నిందులోకి లాగకమ్మా," అంది స్వెటర్లావిడ, డబ్బా చేతుల్లోకి ఎత్తుకుంటూ. "నాకు అవతల పనుంది."

ఆమె భర్త వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తూ అన్నాడు: "బావ అన్నదాంట్లో తప్పేముంది? నాన్నకి తెలీట్లేదని నువ్వే కదా అందరి ముందూ తేల్చావు."

ఆమె బల్ల మీది స్క్రూడ్రైవరు తీసి సొరుగులో పెట్టేసింది.

"నువ్వేం బాధపడకు చెల్లెమ్మా," అన్నాడు అల్లుడు, టేపు మళ్ళీ బయటికి తీసి గోడకి ఆనిస్తూ. "తొడుగులు తగిలించడానికి ఎవరో ఒకరు కావాలిగా. నువ్వే రావొచ్చు. ఆ కొస కాస్త పట్టుకుంటావా?"

ఆమె పట్టుకోలేదు. భర్త వచ్చి పట్టుకున్నాడు.

వాళ్ళు కొలతలు తీసుకుంటుంటే మామగారు కుర్చీలోంచి లేచి, బల్ల మీద పడి ఉన్న పాత బోర్డుని, చిలుము పట్టి చచ్చినదాన్ని, తీసుకుని ఆమె స్టూలు పక్కన కింద చతికిలపడ్డాడు. గీకిన చోట బొటనవేలితో రుద్దుతున్నాడు. మెడ చుట్టూ ఇన్నాళ్ళూ తాడున్న చోట చర్మం తెల్లగా చార కట్టి ఉంది.

"అమ్మా," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ పిలుపు పిలవడం అదే మొదలు. "దీని పేరేంటమ్మా? చెప్పవూ?"

నువ్వే కనుక్కో అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంక ఆ మాటతో ఆమెకి దక్కేదేమీ లేదు, పోయేదీ లేదు. ఆయన పక్కన కిందే కూర్చుంది.

"వెల్‌ట్రాన్ నలభై రెండు, మామయ్యా."

ఆయన తల పంకించాడు. బోర్డుని పొట్టకి అదుముకుని, గోడ కొలుస్తున్నవాళ్ళకి కూడా వినపడేలా అన్నాడు:

"నాకు తెలుసు."